ట్రాక్‌లపై నడిచే ఎత్తు పని వేదికలు: వాలు నేలపై సురక్షిత చాలనం

మనుషులను వారి పనిముట్లతో సహా ఎత్తైన చోటికి చేర్చి, అక్కడ నిలబడి పనిచేసుకునే వీలు కల్పించే యంత్రాలలో చక్రాలకు బదులు రబ్బరు లేదా ఉక్కు ట్రాక్‌లపై కదిలేవి ఒక ప్రత్యేక తరగతి. ట్రాక్ అంటే ముందువెనుక ఉండే చక్రాల చుట్టూ ఎడతెగకుండా తిరిగే వెడల్పాటి పట్టీ. తెలుగు ప్రాంతాల పని స్థలాల్లో దీనిని సాధారణంగా చైన్ అని వ్యవహరిస్తారు. మెత్తటి నేల, గడ్డి మైదానం, తోట, కొండవాలు, ఇరుకైన ప్రాంగణం వంటి చోట్లకు చక్రాల యంత్రాలు చేరలేవు గనుక ఈ రకానికి గిరాకీ ఏర్పడింది. అయితే వాలుపైకి వెళ్లగలగడం వేరు, వాలుపై నిలదొక్కుకోగలగడం వేరు. ఈ యంత్రాలు బోల్తా పడే సందర్భాలలో కొన్ని వేదిక గాలిలో ఉన్నప్పుడు కాక, వేదికను మోసే పొడవాటి చేయి, అంటే బూమ్, పూర్తిగా మడిచి ఉండి యంత్రం ఒక చోటి నుంచి మరో చోటికి నెమ్మదిగా కదులుతున్నప్పుడే సంభవిస్తాయి కాబట్టి, వాలు నేలపై వీటిని నడపడాన్ని విడిగా పరిశీలించవలసి ఉంటుంది.

రకాలు, వర్గీకరణ

ఈ తరగతిలో ముఖ్యమైనది స్పైడర్ లిఫ్ట్. రెండు ట్రాక్‌ల మీద చిన్న చట్రం, దానిపై గుండ్రంగా తిరిగే పీఠం, పీఠానికి బిగించిన మడత బూమ్, బూమ్ కొసన ఒకరిద్దరు నిలబడే బాస్కెట్, చట్రం నాలుగు మూలల నుంచి సాలీడు కాళ్లలా విచ్చుకునే నాలుగు ఔట్‌రిగ్గర్లు దీని ప్రధాన భాగాలు. ఔట్‌రిగ్గర్ అంటే నేలకు ఆనించి యంత్రాన్ని పైకెత్తి సమతలంగా నిలిపే హైడ్రాలిక్ కాలు. స్పైడర్ లిఫ్ట్‌లో ఈ నాలుగు కాళ్లూ నేలపై బరువు మోస్తున్నాయని సెన్సర్లు నిర్ధారించిన తరువాతే బూమ్ తాను మడిచినప్పుడు ఆనుకునే ఊయల నుంచి లేస్తుంది. రెండవది ట్రాక్ బూమ్ లిఫ్ట్. ఇది ఔట్‌రిగ్గర్లు లేకుండా, బాస్కెట్‌లో మనిషి ఉండగానే, తయారీదారు నిర్ణయించిన హద్దుల్లో ప్రయాణించగలదు. మూడవది ట్రాక్ సిజర్ లిఫ్ట్. కత్తెరలా విచ్చుకునే చేతులపై వేదిక నిటారుగా పైకి లేస్తుంది.

అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 16368, ఐరోపా ప్రమాణం ఈఎన్ 280, అమెరికా ప్రమాణం ఏ92.20 ఈ యంత్రాలను రెండు విధాలుగా విభజిస్తాయి. వేదిక మధ్యబిందువు ఎప్పుడూ యంత్రం ఒరుగు రేఖల లోపలే ఉండేవి ఏ వర్గం, ఆ రేఖలను దాటి బయటకు చాచగలిగేవి బి వర్గం. ఒరుగు రేఖ అంటే యంత్రం బోల్తా పడితే ఏ అంచు ఆధారంగా తిరుగుతుందో ఆ అంచు. ప్రయాణాన్ని బట్టి, బూమ్ మడిచి ఉన్నప్పుడు మాత్రమే కదిలేది 1వ రకం, వేదిక ఎత్తి ఉండగా చట్రంపై ఉన్న అదుపు స్థానం నుంచి కదిలించగలిగేది 2వ రకం, వేదిక పైనుంచే కదిలించగలిగేది 3వ రకం. స్పైడర్ లిఫ్ట్ బి వర్గం 1వ రకానికి చెందుతుంది. ట్రాక్ బూమ్ లిఫ్ట్ బి వర్గం 3వ రకం. ఈ రంగంలో శిక్షణ ప్రమాణాలను నిర్దేశించే అంతర్జాతీయ సమాఖ్య ఐపాఫ్ ఈ విభజననే అనుసరించి స్పైడర్ లిఫ్ట్ చాలకులకు 1బి, స్వయంచాలిత బూమ్ లిఫ్ట్ చాలకులకు 3బి అనే వేర్వేరు అర్హతలు ఇస్తుంది. ఒకదానిలో నేర్పరి అయినవాడు రెండవదాన్ని వాలుపై నడపడానికి తగినవాడు కానక్కరలేదు, ఎందుకంటే రెండింటి స్థిరత్వ సూత్రాలు ఒకటే అయినా, వాటి నుంచి పుట్టే అలవాట్లు పూర్తిగా భిన్నమైనవి.

ట్రాక్ వెనుక ఉన్న ఆలోచన పాతది. కాలిఫోర్నియాలోని స్టాక్టన్ ప్రాంతపు మెత్తని నల్లమట్టిలో ట్రాక్టరు చక్రాలు దిగబడిపోతుండగా బెంజమిన్ హోల్ట్ 1904లో చక్రాలు తీసివేసి వాటి స్థానంలో ట్రాక్‌లు అమర్చి పరీక్షించాడు. బరువును ఎక్కువ నేలపై పరచడమే అందులోని కీలకం. ఎత్తు పని వేదికలు చాలా తరువాతివి. జాన్ ఎల్. గ్రోవ్ 1969లో అమెరికాలో స్థాపించిన జేఎల్‌జీ సంస్థ 1970లో తన మొదటి బూమ్ లిఫ్ట్‌ను వెలువరించింది. ట్రాక్‌లనూ విచ్చుకునే కాళ్లనూ కలిపిన స్పైడర్ లిఫ్ట్ మాత్రం ప్రధానంగా ఇటలీ, డెన్మార్క్, జర్మనీ తయారీదారుల చేతుల్లో ఎదిగింది. పాత కట్టడాల ఇరుకు ద్వారాల గుండా దూరి, లోపలి నేలను పాడుచేయకుండా పైకప్పుకు చేరవలసిన అవసరమూ, ఇళ్ల పెరళ్లలోని పెద్ద చెట్ల కొమ్మలు కొట్టవలసిన అవసరమూ దాని రూపాన్ని నిర్ణయించాయి. తలుపు సందులో దూరే ఆ ఇరుకుతనమే వాలు నేలపై దాని బలహీనత కూడా.

రెండు వేర్వేరు అంకెలు

యంత్రం వివరాల పట్టికలో వాలుకు సంబంధించి సాధారణంగా రెండు అంకెలు ఉంటాయి, వాటిని కలగలపడం ప్రమాదకరం. మొదటిది ఎక్కుడు సామర్థ్యం. బూమ్, కాళ్లు ప్రయాణ స్థితిలో మడిచి ఉండగా, గట్టి నేలపై, యంత్రం నేరుగా ఎక్కగలిగిన లేదా దిగగలిగిన గరిష్ఠ వాలు ఇది. రెండవది పని వాలు పరిమితి. వేదికను పైకెత్తడానికి చట్రం ఎంతవరకు ఒరిగి ఉండవచ్చో ఇది చెబుతుంది. మొదటి అంకె పదిహేను డిగ్రీలు దాటినా రెండవది ఒకటి రెండు డిగ్రీలకే పరిమితం కావడం మామూలే. అడ్డవాలుకు, అంటే వాలుకు అడ్డంగా ప్రయాణించేటప్పుడు యంత్రం పక్కకు ఒరిగే కోణానికి, కొందరు తయారీదారులు మూడవ అంకెను విడిగా ఇస్తారు. అది ఇవ్వని చోట ఎక్కుడు సామర్థ్యమే అడ్డవాలుకు కూడా వర్తిస్తుందని అనుకోవడానికి ఎలాంటి ఆధారమూ లేదు. అలాంటప్పుడు తయారీదారును అడిగి తెలుసుకునేవరకు అడ్డంగా నడపకూడదు.

అంకెలను చెప్పే పద్ధతి కూడా పొరపాటుకు తావిస్తుంది. కొందరు శాతంలో, కొందరు డిగ్రీలలో చెబుతారు. అడ్డంగా 100 సెంటీమీటర్లకు 25 సెంటీమీటర్ల ఎత్తు పెరిగితే అది 25 శాతం, కానీ కోణంగా సుమారు 14 డిగ్రీలు మాత్రమే. 20 డిగ్రీల వాలు దాదాపు 36 శాతం. 100 శాతం అంటే 45 డిగ్రీలు. పట్టికలోని 30 శాతాన్ని 30 డిగ్రీలుగా చదివిన చాలకుడు, యంత్రం 17 డిగ్రీల లోపు వాలుకే పరీక్షించబడి ఉండగా, దానికి దాదాపు రెండింతల ఏటవాలు మీదికి తీసుకుపోతాడు.

వాలును కళ్లతో అంచనా వేయడం నమ్మదగినది కాదు. డిజిటల్ కోణమాపకం లేని చోట తాపీ పనివారి రసమట్టం, ఒక మీటరు పొడవైన చక్క, టేపు చాలు: చక్క ఒక కొసను నేలపై ఆనించి, రసమట్టంలో బుడగ మధ్యకు వచ్చేవరకు రెండవ కొసను ఎత్తి, ఆ కొస కింద ఉన్న ఖాళీని కొలిస్తే, వచ్చిన సెంటీమీటర్లే వాలు శాతం. మొత్తం గట్టు సగటు వాలు కాదు, దారిలో అన్నిటికన్నా నిట్టనిలువుగా ఉన్న తునక వాలు తెలియాలి. యంత్రం పొడవు మీటరున్నర ఉన్నప్పుడు అది మీటరున్నర తునక మీదే నిలబడుతుంది, సగటు మీద కాదు.

ఒరగడం

యంత్రం నిలబడుతుందా పడిపోతుందా అన్నది గరిమనాభి స్థానంపై ఆధారపడుతుంది. మొత్తం బరువు ఒకే బిందువు దగ్గర కేంద్రీకృతమైనట్లు భావించదగిన స్థానమే గరిమనాభి. దాని నుంచి నిట్టనిలువుగా కిందికి గీసిన రేఖ రెండు ట్రాక్‌ల మధ్య పడుతున్నంతవరకు యంత్రం నిలుస్తుంది. ఆ రేఖ దిగువ ట్రాక్ అంచును దాటిన క్షణం ఒరుగుడు మొదలవుతుంది, ఆపైన ఎవరూ దానిని ఆపలేరు. గరిమనాభి నుంచి ఒరుగు రేఖకు ఉన్న అడ్డు దూరాన్ని గరిమనాభి ఎత్తుతో భాగిస్తే హద్దు కోణం టాంజెంటు విలువ వస్తుంది. ఉదాహరణకు, ట్రాక్‌లు లోపలికి ముడిచిన ఇరుకు యంత్రంలో ఆ అడ్డు దూరం 35 సెంటీమీటర్లు, గరిమనాభి ఎత్తు 80 సెంటీమీటర్లు అనుకుంటే హద్దు కోణం సుమారు 24 డిగ్రీలు. ట్రాక్‌లను హైడ్రాలిక్‌గా బయటికి జరిపే ఏర్పాటు ఉన్న యంత్రంలో ఆ దూరాన్ని 50 సెంటీమీటర్లకు పెంచితే హద్దు 32 డిగ్రీలకు చేరుతుంది. ద్వారం దాటగానే ట్రాక్‌లను వెడల్పు చేయడం అనే చిన్న పని వల్ల ఎనిమిది డిగ్రీల అదనపు రక్షణ లభిస్తుందంటే, ఆ పనిని మరచిపోవడం ఎంత ఖరీదైన మరుపో అర్థమవుతుంది.

ఈ లెక్క కదలకుండా, సమతలమైన వాలుపై నిలిచిన యంత్రానికి మాత్రమే. నిజమైన నేలలో రాళ్లు, గుంతలు, వేళ్లు, నీటి కాలువల గాళ్లు ఉంటాయి. రెండు ట్రాక్‌ల నడిమధ్యల మధ్య దూరం 60 సెంటీమీటర్లయితే, ఎగువ ట్రాక్ కిందికి వచ్చిన 10 సెంటీమీటర్ల రాయి యంత్రాన్ని మరో తొమ్మిదిన్నర డిగ్రీలు పక్కకు ఒరగజేస్తుంది. దిగువ ట్రాక్ అంతే లోతు గుంతలో పడినా ఫలితం అదే. అప్పటికే 12 డిగ్రీల అడ్డవాలుపై ఉన్న యంత్రం ఒక్క రాయితో ఇరవై ఒకటిన్నర డిగ్రీలకు చేరి, పై ఉదాహరణలోని 24 డిగ్రీల హద్దుకు రెండు మూడు డిగ్రీల దూరంలో నిలుస్తుంది. కదలిక వల్ల కలిగే ఊపు, ట్యాంకులో ఇంధనం కదలడం, మెత్తటి మట్టిలో దిగువ ట్రాక్ ఎక్కువగా కుంగడం ఆ మిగిలిన కొద్దిపాటి అంతరాన్ని మింగివేయగలవు. దిగువ ట్రాక్ కుంగడాన్ని ప్రత్యేకంగా గమనించాలి: యంత్రం పక్కకు ఒరిగినకొద్దీ బరువు దిగువ ట్రాక్ మీదికి మారుతుంది, బరువు పెరిగినకొద్దీ ఆ ట్రాక్ ఇంకా కుంగుతుంది, కుంగినకొద్దీ ఒరుగు పెరుగుతుంది.

ఏటవాలును తప్పించుకోవడానికి ఐమూలగా ఎక్కడం నడిచే మనిషికి ఉపకరిస్తుంది గాని యంత్రానికి కాదు. 20 డిగ్రీల వాలును 45 డిగ్రీల ఐమూలలో ఎక్కే యంత్రం ముందువెనుకలుగా సుమారు 14 డిగ్రీలు, పక్కకు కూడా దాదాపు అంతే ఒరుగుతుంది. పొడవు దిశలో దానికి స్థిరత్వం ఎక్కువ, వెడల్పు దిశలో తక్కువ. ఐమూల దారి భారాన్ని బలమైన దిశ నుంచి తీసి బలహీనమైన దిశకు అప్పగిస్తుంది. అందుకే వాలుకు నేరుగా ఎక్కడం, నేరుగా దిగడం ప్రాథమిక నియమం.

పొడవు దిశలోనూ రెండు కొసలు సమానం కావు. మడిచిన బూమ్, ఇంజిన్, బ్యాటరీల అమరికను బట్టి గరిమనాభి ఒక కొస వైపు జరిగి ఉంటుంది. నేలకు ఆనే ట్రాక్ పొడవు 120 సెంటీమీటర్లు, గరిమనాభి నడిమధ్య నుంచి 15 సెంటీమీటర్లు ఒక వైపుకు జరిగి, 80 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుంటే, బరువైన కొస ఎగువన ఉన్నప్పుడు హద్దు 43 డిగ్రీలు, దిగువన ఉన్నప్పుడు 29 డిగ్రీలు. కాబట్టి ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ బరువైన కొస ఎగువ వైపే ఉండాలి. అంటే ముందుకు నడుపుతూ ఎక్కిన గట్టును యంత్రాన్ని తిప్పకుండా వెనుకకు నడుపుతూ దిగాలి. ఏది బరువైన కొస అన్నది బయటి రూపాన్ని చూసి చెప్పలేము, చేతి పుస్తకం చూసి తెలుసుకోవాలి.

జారడం

బోల్తా పడని యంత్రం జారిపోవచ్చు. 15 డిగ్రీల వాలుపై రెండున్నర టన్నుల యంత్రాన్ని దిగువకు లాగే బలం దాదాపు 650 కిలోల బరువుకు సమానం. దానిని ఎదిరించేది ట్రాక్‌కు నేలకు మధ్య ఘర్షణ ఒక్కటే. ఆ వాలులో నిలవాలంటే ఘర్షణ గుణకం కనీసం 0.27, 20 డిగ్రీలలో 0.36 ఉండాలి. పొడి కాంక్రీటు మీద రబ్బరుకు ఇంతకు మించిన పట్టు సులభంగా దొరుకుతుంది. తడి గడ్డి, రాలిన ఆకులు, నాచు పట్టిన రాయి, వదులుగా పరచుకున్న కంకర, నూనె చిందిన ఇనుప పలక మీద అది దొరుకుతుందన్న హామీ లేదు. బ్రేకులు ఇక్కడ పనికిరావు: బ్రేకు ట్రాక్‌ను తిరగకుండా ఆపుతుంది గాని, తిరగని ట్రాక్‌ను నేల మీద జారకుండా ఆపలేదు.

ట్రాక్ నేలపై వేసే ఒత్తిడి తక్కువ కావడం దాని ప్రసిద్ధ గుణం. 20 సెంటీమీటర్ల వెడల్పు, 120 సెంటీమీటర్ల ఆనిక పొడవు ఉన్న రెండు ట్రాక్‌లపై రెండున్నర టన్నులు పరచుకుంటే చదరపు మీటరుకు సుమారు 5 టన్నుల ఒత్తిడి మాత్రమే పడుతుంది. ఈ లెక్క ట్రాక్ మొత్తం నేలకు ఆనినప్పటిది. గట్టు అంచు దాటేటప్పుడు యంత్రం మొత్తం బరువు కొద్ది సెంటీమీటర్ల పట్టీ మీద నిలుస్తుంది, అంచు మట్టి విరిగిపడేది అప్పుడే. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో విస్తారంగా ఉన్న నల్లరేగడి నేల ఎండలో నెర్రెలు విచ్చి గట్టిగా కనిపించినా, వాన పడితే ఉబ్బి, పై పొర జిగురు ముద్దగా మారి ట్రాక్ పళ్ల మధ్య నిండిపోతుంది. పళ్లు కప్పబడిన ట్రాక్ నున్నటి పట్టీలా జారుతుంది. నిన్న ఎక్కిన గట్టు ఈ రోజు ఎక్కదగినదే అనుకోవడానికి రేగడి నేల ఒప్పుకోదు. కొత్తగా పోసిన మట్టి కట్టలు, పూడ్చిన కందకాలు, నేల కింద ఉన్న సెప్టిక్ ట్యాంకులు, మురుగు కాలువల మూతలు కూడా ముందుగా గుర్తించవలసినవే. కందకం పక్కన వెళ్లవలసి వస్తే, గట్టి నేలలో కందకం లోతుకు తగ్గని దూరం, మెత్తటి నేలలో అంతకు మించిన దూరం పాటించడం వాడుకలో ఉన్న జాగ్రత్త.

దారిలో

వాలుపై చాలనం యంత్రం స్టార్ట్ చేయక ముందే, దారిని కాలినడకన చూడడంతో మొదలవుతుంది. నిట్టనిలువు తునకలు, అడ్డవాలులు, మలుపు తిప్పక తప్పని చోట్లు, తలపై వేలాడే కొమ్మలు, విద్యుత్ తీగలు, పక్కన ఉన్న లోయ లేదా గోడ, యంత్రం అదుపు తప్పితే దిగువన ఎవరున్నారు అన్నవి చూసి, రాళ్లు తీసి, గుంతలు పూడ్చి, అవసరమైన చోట దళసరి పలకలు పరచి దారి సిద్ధం చేయాలి. దారి మొత్తం దిగువ భాగాన్ని మనుషులు రాకుండా మూసివేయాలి.

బూమ్ పూర్తిగా మడిచి ఊయలలో కూర్చోవాలి, బాస్కెట్ ఖాళీగా ఉండాలి, పనిముట్లు అందులో వదలకూడదు. కొన్ని నమూనాలలో ట్రాక్‌లతో పాటు చట్రాన్ని పైకెత్తి కింది ఖాళీని పెంచే వీలుంది. అడ్డంకి దాటడానికి ఎత్తిన చట్రాన్ని వాలు ఎక్కక ముందే తిరిగి దించాలి, ఎందుకంటే గరిమనాభి ఎత్తు పెరిగిన ప్రతి సెంటీమీటరూ హద్దు కోణాన్ని తగ్గిస్తుంది. వాలుపై వెళ్లేటప్పుడు ఔట్‌రిగ్గర్లను బయటికి చాచి నేలకు కొద్ది ఎత్తులో ఉంచమని కొందరు తయారీదారులు సూచిస్తారు. యంత్రం ఒరగబోతే ఆ కాలు ముందుగా నేలకు ఆని ఆపుతుందని దీని ఉద్దేశం. చేతి పుస్తకం అనుమతించిన యంత్రంలోనే, కాలు రాయికో మొద్దుకో తగలని దారిలోనే ఈ పద్ధతి పాటించాలి, లేకుంటే రక్షించవలసిన కాలే యంత్రాన్ని తన్ని తిప్పుతుంది.

స్పైడర్ లిఫ్ట్‌ను వాలుపై నేల మీద నడుస్తూ, కేబుల్ లేదా రేడియో రిమోట్‌తో నడపాలి. బాస్కెట్‌లో నిలబడి నడపడానికి యంత్రం వీలిచ్చినా వాలుపై దానిని వాడకపోవడమే మేలు. యంత్రం ఒరిగితే బాస్కెట్‌లోని మనిషి దాని కిందికే విసిరివేయబడతాడు. చాలకుడు ఎప్పుడూ దిగువ వైపు ఉండకూడదు. అడ్డవాలుపై అతను ఎగువ వైపు, యంత్రం పడిపోయినా తాకని దూరంలో నిలవాలి. నేరుగా ఎక్కే వాలుపై యంత్రానికి ఎదురుగా వెనుకడుగులు వేస్తూ నడవడం కూడా ప్రాణాంతకమే. కాలు తట్టుకుని పడితే ట్రాక్ మీదికి వస్తుంది. ట్రాక్‌ల బాట నుంచి తప్పుకొని, ఎగువ పక్కగా, యంత్రం రెండు ట్రాక్‌లూ కనిపించే చోట నిలబడి, కొద్ది దూరం నడిపి ఆపి, తాను స్థానం మార్చుకుని, మళ్లీ నడపడం సురక్షితమైన లయ. చాలకుడి వెన్ను వెనుక గోడగాని చెట్టుగాని ఉండకూడదు. యంత్రానికి గోడకు మధ్య నలిగిపోవడం ఈ యంత్రాల విషయంలో తెలిసిన ప్రమాదం.

రిమోట్ పట్టుకున్నవాడు యంత్రానికి ఎదురుగా నిలబడితే కుడిఎడమలు తారుమారవుతాయి. చట్రంపై రంగు బాణాలు, రిమోట్‌పై వాటికి సరిపోయే బాణాలు ఈ గందరగోళాన్ని నివారించడానికే ఉంటాయి. వాలుపైకి వెళ్లక ముందు సమతలంపై రెండు మూడు అడుగులు కదిపి, ఏ లివర్ ఏ ట్రాక్‌ను ఎటు తిప్పుతుందో నిర్ధారించుకోవాలి. వేగం తాబేలు గుర్తుతో చూపే తక్కువ గేరులోనే ఉండాలి. లివర్‌ను ఒక్కసారిగా వదిలితే హైడ్రాలిక్ మోటార్లలోని స్ప్రింగు బ్రేకులు వెంటనే పట్టుకుంటాయి. దిగే యంత్రం ఉన్నట్టుండి ఆగితే పైభాగపు ఊపు దానిని దిగువకు తోస్తుంది, కాబట్టి లివర్‌ను క్రమంగా నడిమికి తీసుకురావాలి.

ట్రాక్ యంత్రం ఒక ట్రాక్‌ను నెమ్మదింపజేసి, రెండవ దానిని వేగంగా తిప్పి మలుపు తిరుగుతుంది. ఆ సమయంలో ట్రాక్‌లు నేలను పక్కకు కోసుకుంటూ జరుగుతాయి. వాలుపై ఇది మూడు విధాల చేటు: కోసిన మట్టి పట్టు కోల్పోతుంది, యంత్రం కొంతసేపు అడ్డవాలుకు గురవుతుంది, పక్క ఒత్తిడికి రబ్బరు ట్రాక్ తన కప్పీల నుంచి ఊడిపోవచ్చు. ట్రాక్ ఊడిన వైపు బ్రేకు ఉన్నా ప్రయోజనం లేదు. మలుపులను వాలు పైనో కిందో ఉన్న సమతలంపై ముగించుకోవాలి. తప్పనిసరైతే ఒకే చోట గిర్రున తిప్పకుండా, ముందుకు వెనుకకు చిన్న చిన్న కదలికలతో కొద్ది కొద్దిగా దిశ మార్చాలి.

గట్టు శిఖరం వేరే జాగ్రత్త కోరుతుంది. ఎక్కే యంత్రం ముందు భాగం గాలిలో నిలిచి, గరిమనాభి అంచును దాటగానే ఒక్కసారిగా ముందుకు వాలి నేలను తాకుతుంది. దాదాపు ఆగినంత నెమ్మదిగా ఆ బిందువును దాటాలి, వీలైతే అంచుకు అవతల కలప దిమ్మెలు పేర్చి పడే ఎత్తును తగ్గించాలి. గట్టు పాదం దగ్గర బయటికి పొడుచుకొచ్చిన బాస్కెట్ నేలకు గుద్దుకుంటుందా అన్నది ముందే చూడాలి.

ట్రక్కు లేదా ట్రెయిలర్‌పైకి ఎక్కించే ర్యాంపు కూడా ఒక వాలే, నిజానికి దారి మొత్తంలో అతి నిట్టనిలువైన వాలు తరచుగా అదే. ర్యాంపు పలక లోహానిది, ఇరుకైనది, వానలో తడుస్తుంది, పైన శిఖరం అంచు పదునుగా ఉంటుంది. అలసటతో, తొందరతో పని ముగిసే వేళ యంత్రాన్ని ఎక్కిస్తారు కాబట్టి ఇక్కడ నిర్లక్ష్యానికి అవకాశం ఎక్కువ. ట్రెయిలర్ సమతలంపై నిలిపి, చక్రాలకు అడ్డుకట్టలు వేసి, వెనుక భాగానికి ఆసరా కాళ్లు దించి, ర్యాంపులు కొక్కేలలో బిగిసి ఉన్నాయని చూసి, ట్రాక్‌లను ర్యాంపు బయటే వరుసకు తెచ్చుకోవాలి. ర్యాంపు మధ్యలో దిశ సరిచేయడం నిషిద్ధం. పొడవైన ర్యాంపు వాలును తగ్గిస్తుందన్న మామూలు సంగతిని పాటించడానికి అయ్యే ఖర్చు స్వల్పం.

వాలుపై నిలిపి పనిచేయడం

చేరవలసిన చోటికి చేరిన తరువాత స్పైడర్ లిఫ్ట్ తన కాళ్లపై లేచి, చట్రాన్ని సమతలం చేసుకుంటుంది. ఆ క్షణం దాకా యంత్రాన్ని వాలుపై నిలిపింది ట్రాక్‌ల పట్టు. ట్రాక్‌లు నేలను వదలగానే ఆ పట్టు పోయి, నాలుగు పాదాల ఘర్షణ ఒక్కటే మిగులుతుంది. ఏటవాలు నేలపై పాదాన్ని నేరుగా మోపితే మొత్తం యంత్రం దిగువకు జారవచ్చు కాబట్టి, ప్రతి పాదానికీ నేలను తవ్వి చదును చేసిన చిన్న గట్టు, లేదా జారకుండా బిగించిన ఏటవాలు దిమ్మె సిద్ధం చేయాలి. కాళ్లు దించే వరుస యంత్రాన్ని బట్టి మారుతుంది, తయారీదారు చెప్పిన వరుసను తప్పకూడదు. బూమ్ ఒక కాలి మీదుగా చాచినప్పుడు యంత్రం బరువులో సగానికి పైగా ఆ ఒక్క పాదం మీదే పడవచ్చు: 1,500 కిలోల బరువు 20 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న పాదం కింద చదరపు మీటరుకు దాదాపు 48 టన్నుల ఒత్తిడిని కలిగిస్తుంది, దాని కింద 60 సెంటీమీటర్ల చదరపు పలక ఉంచితే అది 4 టన్నుల చిల్లరకు తగ్గుతుంది. కాళ్ల చాపు సరిపోక చట్రం సమతలం కాని వాలుపై ఆ యంత్రంతో పని చేయరాదు. దిమ్మెల మీద దిమ్మెలు పేర్చి లోటు పూడ్చడం ప్రమాదాన్ని పోగు చేయడమే.

కాళ్లపై నిలిచిన తరువాత యంత్రానికి ఎలక్ట్రానిక్ కాపలా బలంగా ఉంటుంది: పాదం తేలిపోతే, చట్రం ఒరిగితే, బాస్కెట్‌లో బరువు మించితే కదలికలు ఆగిపోతాయి. ట్రాక్‌లపై ప్రయాణించేటప్పుడు ఈ కాపలా చాలా యంత్రాలలో లేదు, ఉన్నచోట కూడా చాలావరకు అది కూత పెట్టే హెచ్చరిక మాత్రమే. రూపకర్తలు ఎత్తును గురించి పడ్డంత శ్రద్ధ ప్రయాణం గురించి పడలేదనడం అన్యాయం కాదు. ఆ ఖాళీని ప్రస్తుతం చాలకుడి కొలతలే పూరించాలి.

3వ రకపు యంత్రాల పరిస్థితి వేరు. వేదిక ఎత్తి ఉండగా అవి ప్రయాణించగలవు గాని, చట్రం ఒరుగు కొద్ది డిగ్రీల హద్దును దాటగానే అలారం మోగి, చాలా నమూనాలలో ప్రయాణం నిలిచిపోతుంది. అప్పుడు చేయవలసినది బూమ్‌ను చేతి పుస్తకం చెప్పిన వరుసలో ముడుచుకుని దించడమే, యంత్రాన్ని నడిపి సమతలం వెతకడం కాదు. ట్రాక్‌లను విడివిడిగా ఎత్తి దించి చట్రాన్ని తనంతట తానే సమతలం చేసుకునే నమూనాలు ఇటలీలో రూపొందాయి. వాలు తోటలకు ఇవి ఎంతో అనువైనవి, అయినా వాటి సర్దుబాటుకూ ఒక హద్దు ఉంటుంది. బూమ్ రకపు బాస్కెట్‌లో ఉన్నవారు పొట్టి తాడుతో హార్నెస్‌ను నిర్దేశిత కొక్కేనికి తగిలించుకోవాలి. ఆరుబయట వాడే యంత్రాల స్థిరత్వాన్ని సాధారణంగా సెకనుకు 12.5 మీటర్ల గాలి వేగం వరకే లెక్కిస్తారు. కొండవాలు మీద గాలి సుళ్లు మైదానం కన్నా తీవ్రంగా ఉంటాయి కాబట్టి గాలిని బాస్కెట్ ఎత్తులోనే కొలవాలి.

నిర్వహణ, శిక్షణ, చట్టం

రబ్బరు ట్రాక్ సరైన బిగువులో ఉండాలి. వదులైతే వాలు మలుపులో ఊడుతుంది, అతిగా బిగిస్తే కప్పీల బేరింగులు అరుగుతాయి. లోపలి ఉక్కు తీగలు బయటపడ్డ ట్రాక్‌తో వాలుపైకి వెళ్లకూడదు. చిన్న పెట్రోలు ఇంజిన్లలో కొన్ని సుమారు 20 డిగ్రీలకు మించి ఒరిగితే నూనె అందక దెబ్బతింటాయి లేదా సెన్సర్ వల్ల ఆగిపోతాయి. యంత్రం ఎక్కగలిగిన వాలుకు ఇంజిన్ తట్టుకోగలదా అన్నది విడిగా చూసుకోవాలి.

ఐపాఫ్ శిక్షణ పూర్తిచేసిన చాలకుడికి ఇచ్చే పాల్ కార్డు అయిదేళ్లు చెల్లుతుంది. అది యంత్ర తరగతికి సంబంధించిన అర్హత కాగా, వాడబోయే నిర్దిష్ట నమూనాతో పరిచయం వేరుగా కల్పించాలి. బ్రిటన్‌లో 1998 నాటి నిబంధనలు మనుషులను ఎత్తే యంత్రాలకు ఆరు నెలలకోసారి సమగ్ర తనిఖీని కోరుతాయి. భారతదేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, 1996 నాటి భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం ఎత్తు పనుల భద్రతకు పునాది వేశాయి. ఇతర చట్టాలతో పాటు వీటిని కలుపుతూ పార్లమెంటు 2020లో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతిని ఆమోదించింది.

వాలు మధ్యలో యంత్రం ఆగిపోవడం శిక్షణలో తప్పక అభ్యసించవలసిన సందర్భం. ఇంజిన్ ఆగినా, గొట్టం పగిలి హైడ్రాలిక్ ఒత్తిడి పడిపోయినా, స్ప్రింగు బ్రేకులు వాటంతటవే పట్టుకుంటాయి. ఒత్తిడి ఉన్నప్పుడే తెరుచుకునే విధంగా వాటిని రూపొందించారు. యంత్రాన్ని లాగి తీసుకుపోవడానికి బ్రేకులను చేతితో విడిపించే మర ఒకటి ఉంటుంది. ఆ మర తిప్పిన మరుక్షణం యంత్రం ఏ అడ్డూ లేని బండ అవుతుంది. అందుచేత ముందుగా ట్రాక్‌ల దిగువన అడ్డుకట్టలు వేసి, ఎగువన యంత్రం బరువుకు తగిన విన్చ్‌ను గట్టి ఆధారానికి కట్టి, తయారీదారు గుర్తించిన కట్టుడు బిందువుల వద్దనే తాడు తగిలించి, తాడు బిగువైందని చూసి, తాడు తెగితే కొట్టే మేరలోనూ వాలు దిగువనూ ఎవరూ లేరని నిర్ధారించుకున్న తరువాతే బ్రేకు విడిపించాలి. ఆ తరువాత కూడా యంత్రాన్ని ఎగువకు లాగడమో, విన్చ్ అదుపులో నేరుగా దిగువకు వదలడమో చేయాలి తప్ప పక్కకు లాగకూడదు.